నిచ్చెన లేని బల్ల

నీవెస్‌కు,

అమ్మ దీవెనలు. తెల్లవారుజామునుంచీ వడగళ్ల వాన. బంగాళదుంప చాళ్లకు మన్ను ఎగదోసే పని ఆగిపోయింది. మీ నాన్నా నేనూ క్షేమం. రాయాలి గనక రాస్తున్నాను.

నీ దొరసాని సెలవివ్వలేదని బాధపడకు. తమ్ముడు కసియానో పోయాక, పోయినవాళ్లు ఒక్క రోజు ఇంటికొచ్చి వెళ్లే ఆత్మల పండుగ ఇదే మొదటిది కదా, ఊరు ఊరంతా మన ఇంటికే వచ్చింది.

జబ్బులో ఉన్నప్పుడు వచ్చిన నీ ఉత్తరం కసియానో నిజంగా తనే చదివాడా అని అడిగావు. తనే చదివాడు. దుప్పటి మీద వేలితో ఒక్కో అక్షరం దిద్దుకుంటూ, పైకి పలుకుతూ. మూడేళ్లు ఒకే తరగతిలో కూర్చుని గాడిద అనిపించుకున్నవాడు. లియొకాడియా టీచరమ్మ వచ్చాకే కదా పిండితో అక్షరాలు చేయించింది, నేల మీద తాడుతో అక్షరాలు పరిచి వాటి మీద నడిపించింది. "బడికి పంపితే రొట్టెల కొట్టు పెట్టిందే ఈవిడ" అని మీ నాన్న ఎగతాళి చేసేవాడు.

మొత్తం చదివాడని నీకు రాశాను. అది నిజం కాదు. మూడు వరుసలయ్యేసరికి జ్వరం పెరిగింది. మిగతాది రేపు చదువుతానన్నాడు.

ఇంకొకటి. పండుగ రొట్టెలకు కూర్చుంటే నా చేతులు వాడి అక్షరాలే చేస్తూపోయాయి. పిండి అయిపోయింది, పొయ్యి చల్లారింది. పక్కింటి సెనోబియా వాడి కోసం పరిచిన బల్ల చూసి, "నిచ్చెన రొట్టె ఏదీ వదినా? పిల్లాడు పైనుంచి ఎలా దిగుతాడు?" అంది. మర్చిపోయాను, నీవెస్. కన్నతల్లిని, అదే మర్చిపోయాను.

"ఊళ్లోవాళ్లకి కావాలి నిచ్చెనలు. వాడు మన గోడ ఎన్నిసార్లు దూకలేదు?" అన్నాడు మీ నాన్న. సెనోబియా వెళ్లాక బల్ల దగ్గర కూర్చున్నాడు. ఆయనకు చదువు రాదు కదా. ఒక్కో రొట్టె మీద వేలు నడిపి, ఇదేమంటారు, ఇదేమంటారు అని అడిగాడు. నేను చెప్పాను. నా వెనకే పలికాడు. తప్పినచోట మళ్లీ పలికాడు. తర్వాత వాటినే మెట్లు మెట్లుగా పేర్చాడు.

బడిపిల్లలు వచ్చి ప్రార్థన చేశారు. రొట్టెలు వాళ్లకే పంచాం. వాణ్ణి గాడిద అన్న పిల్లాడు కూడా తన రొట్టెను వేలితో దిద్ది, అప్పుడు కొరికాడు.

కసియానో ఒకటో తేదీ మధ్యాహ్నం వచ్చాడు. రెండో తేదీ మధ్యాహ్నం వెళ్లిపోయాడు.

ఇట్లు,
మీ ఇద్దరి అమ్మ