పాత కార్డు మూసేసిన వేసవి

ఏప్రిల్ 22
చేపల వేట నిషేధం మొదలై వారం. మైపాడు తీరమంతా పడవలు ఇసుక మీదే. మా ఆయన శీనయ్య పొద్దుటి నుంచీ ఇంజన్ విప్పుకుని కూర్చున్నాడు. పోయిన ఏడాది రెండుసార్లు నడిసముద్రంలో ఆగిపోయింది. "ఈసారి కొత్తది కొనాల్సిందే మావా" అంటే నవ్వి ఊరుకున్నాడు. లోన్ నా పేరు మీదే పెట్టాలి. నెల జీతం వచ్చేది నాకే కదా, స్కూల్లో.

ఏప్రిల్ 29
దరఖాస్తుకు ముందు ఒక మంచి పని చేశాను. పెళ్ళికి ముందు తీసుకున్న పాత క్రెడిట్ కార్డు... ముప్పై వేల లిమిట్, ఏళ్ళుగా వాడనిది... మూసేయించాను. ఇక ఇరవై వేలది ఒక్కటే. బ్యాంకు వాళ్ళకు ముచ్చటేస్తుంది.

మే 13
లోన్ ఇవ్వలేమన్నారు. క్రెడిట్ స్కోరు తగ్గిందట. ఒక్క నెల కూడా ఆలస్యం చేయలేదే!

బ్యాంకు ఆఫీసరమ్మాయి కాగితం తీసి రాసి చూపించింది. అత్తయ్య కంటి ఇంజెక్షన్, సరుకులు — నెలకు పద్దెనిమిది వేలు కార్డు మీదే. జీతం రాగానే మొత్తం కట్టేస్తాను. "కట్టేది బిల్లు వచ్చినాక గదక్కా. స్కోరు వేసేవాళ్ళకి కనబడేది బిల్లులో ఉండే అంకె. ముందు రెండు కార్డులకీ కలిపి యాభై వేల లిమిట్, అందులో పద్దెనిమిది. ఇప్పుడు ఇరవైలో పద్దెనిమిది. ఇచ్చిందంతా వాడేసే మనిషి మాదిరి కనబడతారు. పాతది ఎందుకు మూసినారు?"

తిరుగు బస్సులో కిటికీ వైపు ముఖం తిప్పుకుని కూర్చున్నాను.

మే 14
ఆయనతో "ఇంకా చూస్తా ఉండారంట" అన్నాను. అబద్ధం.

మే 18
"ఈ నెల సూది వద్దులేమ్మా, చూపు బాగానే ఉండాది" అంది అత్తయ్య. ఎందుకంటోంది? ముద్దలో చేప ముల్లు మాత్రం ఆమెకు కనబడలేదు. నేనే తీశాను.

మే 22
చెప్పేశాను. కార్డు మూసింది నేనేనని కూడా.

ఆయన వల బాగుచేస్తున్నాడు. తల ఎత్తలేదు. "తెల్సు."
"ఎట్టా?"
"ఫారంలో నా నంబరు గూడా రాసినావు గదా, లోన్ రాదని మెసేజి నా ఫోనుకి గూడా వచ్చినాది. తొమ్మిది రోజులాయె. అమ్మ నా మొహం చూసి అడిగితే ఆమెకీ చెప్పినా."
"మరి నన్ను అడగలేదేంది మావా?"
"నువ్వే చెప్తావని."

ఈ తొమ్మిది రోజులూ ఆయన నాకంటే ముందు లేచి టీ పెట్టింది అందుకా... ఏడ్చాను. "మా అమ్మ కంటికే గదా ఖర్చు పెట్టినావు" అన్నాడు.

మే 25
ఇద్దరం బ్యాంకుకు వెళ్ళాం. లిమిట్ పెంచమని అడగాలట. బిల్లు తయారవక ముందే కొంత కట్టేయాలట. ఇదివరకే కార్డు వాళ్ళు పెంచుతామని మూడుసార్లు ఫోన్ చేశారు, నేనే వద్దన్నాను. ఎక్కువిస్తే ఎక్కువ ఖర్చని.
"పెంచితే చీరలు కొంటావా సుజాతా?" అన్నాడు ఆయన, ఆఫీసరమ్మాయి ముందే.
"కొనను."
"ఒకటి కొనుక్కో."
ఆ అమ్మాయి ముఖం పక్కకు తిప్పుకుని నవ్వింది.

జూన్ 2
అత్తయ్యకు సూది వేయించాం. బిల్లుకు నాలుగు రోజుల ముందే పదివేలు కట్టాను.

జూన్ 11
లిమిట్ యాభై వేలయింది! కానీ స్కోరు మారడానికి వారాలు పడుతుంది. "జూలైలో రండక్కా" అంది ఆఫీసరమ్మాయి. వేట మొదలయ్యేదేమో ఈ పదిహేనునే.

జూన్ 15
పాత ఇంజన్‌తోనే వెళ్ళాడు. పదింటికి పడవలన్నీ వచ్చేశాయి. మాది లేదు. అత్తయ్య పక్కనే నిలబడి "కనబడతా ఉండాదా? కనబడతా ఉండాదా?" అని అడుగుతూనే ఉంది. పదకొండున్నరకు వేరే పడవ తాడు కట్టి లాక్కొచ్చింది. ఆయన నిలబడి చేయి ఊపాడు. నాకు చేయి లేవలేదు.

సాయంత్రం మెకానిక్ వచ్చి ఇంజన్‌కు ఏదో అతుకు వేసి వెళ్ళాడు. "జూలై దాకా పోబాకు మావా" అన్నాను.
"ఇంట్లో కూర్చుంటే నీ జీతం ఒక్కటే. మళ్ళా కార్డు నిండతాది. అప్పుడు లోన్ ఎట్టా వస్తాది?"

నిజమే.

రేపు మళ్ళీ వెళ్తానంటున్నాడు. ఈసారి టీ నేనే పెట్టాలని అలారం పెట్టుకున్నాను.