తెల్ల టేపు మీద పేర్లు

మార్చి 9, 2024. శనివారం. మధ్యాహ్నం 2.

రోడ్డు మూసేశారు. ముందు తొంభై కిలోమీటర్ల అవతల నడుం లోతు నీళ్ళట. వెనక, మేం పొద్దున దాటి వచ్చిన చోట తారు కొట్టుకుపోయిందట. ఏడాదంతా నాలుగు చినుకులు రాలని ఆస్ట్రేలియా నడుమ దారిలోని నల్లార్బర్ మైదానం నేను పెర్త్ వెళ్ళే వారమే చూసుకుని చెరువైంది.

ఇది ఒక రోడ్‌హౌస్. ముందు డీజిల్ పంపులు, మధ్యలో భోజనాల హాలు, వెనక వరసగా రేకు గదులు. యజమానురాలు మారీన్. స్నానం మూడు నిమిషాలు బంగారం, బ్రెడ్డు మనిషికి రెండు ముక్కలు, సెల్‌ఫోను ఇక్కడ పలకదు, మాట్లాడాలంటే గోడకున్న ఫోను వాడుకో అంది. అరవై ఆరేళ్ళ వయసులో నన్ను బంగారం అన్నది ఈవిడే. అరగంట తర్వాత పశువుల లారీ డ్రైవర్ని కూడా బంగారం అంది.

వాన్‌లో వచ్చింది ముగ్గురం. నేను, రెండో గిటారు షే, సౌండు చూసే ఫిట్జ్. బ్యాండులో పాడే గొంతు, డ్రమ్స్, బేస్ ముగ్గురూ విమానంలో వెళ్ళిపోయారు. నేను విమానం ఎక్కను. నా గిటారును బస్తాలా విసిరేవాళ్ళ చేతికివ్వను. ముసలాడు ఒంటరిగా రెండువేల ఏడొందల కిలోమీటర్లు నడపకూడదని వీళ్ళిద్దరూ నాకు తోడొచ్చారు. ఆ సంగతి నాకు తెలియదని అనుకుంటున్నారు.

షో పదహారున.

సాయంత్రం 5.

ఇక్కడ చేయగల పని ఒక్కటే ఉంది. మా మొదటి రికార్డుకు ముప్పై అయిదేళ్ళు నిండాయి. మెల్‌బోర్న్ రికార్డు కంపెనీ దాన్ని మళ్ళీ వేస్తోంది. లోపల ఒక చిన్న పుస్తకం పెడతారట. అందులో బ్యాండు చరిత్ర, ఎవరు ఏ ఏటి నుంచి ఏ ఏటి దాకా ఏం వాయించారో, నా చేతిరాతలోనే కావాలట. గడువు శుక్రవారం.

బ్యాండు పేరు టాలో పిట్. పశువుల కొవ్వు కరిగించే గొయ్యి. అడిలైడ్‌కు ఉత్తరాన ఎలిజబెత్‌లో, కార్ల ఫ్యాక్టరీలో రంగులు కొడుతున్న రోజుల్లో నేను పెట్టిన పేరు. నాకు ముప్పై, మిగతా ఇద్దరికీ ఇరవై నిండలేదు. ఇప్పటికి ఇరవై ఏడుగురు వాయించారు. వాళ్ళలో పంతొమ్మిదిమందిని నేనే తీసేశాను. అరుపులూ శరవేగమూ ఉండే డెత్ మెటల్ బ్యాండు నడపడమంటే సంగీతం అనుకుంటారు జనం. ముప్పాతిక భాగం మనుషుల్ని తీసేయడమే.

దానికి చట్టం ఉంది. 1988లో మా షెడ్డులో బీరు అట్టపెట్టె మూత చింపి రెండు సూత్రాలు రాశాను. చెప్పిన వేగానికి వాయించలేనివాడు వెళ్ళిపోవాలి. చివరిదాకా మిగిలినవాడిదే బ్యాండు పేరు. కింద మూడు సంతకాలు: నేను, డ్రమ్స్ విమ్ కైపర్స్, గొంతు కోలిన్. ఆ అట్టముక్క ఇప్పటికీ నా గిటారు పెట్టెలో ఉంది.

మిగిలింది నేను. నన్ను తీసేసేవాడు లేడు కనుక.

మార్చి 10. ఆదివారం.

పొద్దున గుడ్డు. మధ్యాహ్నం గుడ్డు. వాన.

మార్చి 11. సోమవారం. ఉదయం 10.

జాబితా మొదలుపెట్టాను.

కోలిన్, గొంతు, 1988–90. నరకం గురించి అరిచీ అరిచీ అదంటే భయం పుట్టి చర్చిలో చేరాడు. ఇప్పుడు అక్కడ అరుస్తున్నాడట. పీటర్ అనే బేస్‌వాడు, 1994. టూరు మధ్యలో చెల్లెలి పెళ్ళని సెలవడిగాడు. చెల్లెలికి మళ్ళీ పెళ్ళి కావచ్చు, బ్రిస్బేన్ షో మళ్ళీ రాదన్నాను. ఆమెకు నిజంగానే మూడు పెళ్ళిళ్ళయ్యాయి. డారిల్, గిటార్, 1997. నా పాటలో లాటిన్ తప్పని అందరి ముందూ చెప్పాడు. తప్పే. వారం తిరక్కుండా అతని వేగం తగ్గినట్టు నాకనిపించింది.

తీసేసినవాళ్ళందరికీ ఉత్తరమే రాశాను. నీలం కాగితం, ఒకే వాక్యం: వేగం అందుకోలేకపోతున్నావు. ఎదురుగా ఎవరికీ చెప్పలేదు. ఎదురుగా చెబితే ఏడుస్తారు, లేదా కొడతారు. రెండూ సంగీతానికి పనికిరావు.

వీళ్ళందరూ పోయి ఏం బావుకున్నారో నాకు తెలుసు. పెళ్ళాలు, పిల్లలు, కారు వెనక లాక్కెళ్ళే కారవాన్లు. నా భార్య గ్లెనిస్ కూడా పోయింది, 1996లో. ఆమెకు మాత్రం ఉత్తరం నేను రాయలేదు, ఆమే రాసింది.

మధ్యాహ్నం 3.

మారీన్ వంటింట్లోంచి కేకేసింది, బంగారం, నీకు ఫోను, ఎవడో డచ్చి పేరు అని.

విమ్. ముప్పై ఒక్క ఏళ్ళ తర్వాత అదే గొంతు. ఒరే టల్లీ, బతికే ఉన్నావా, నీళ్ళలో కొట్టుకుపోయావని ఇక్కడ పండగ చేసుకుందామనుకుంటున్నాం అన్నాడు. పెర్త్ పక్కన ఫ్రీమాంటిల్‌లో పడవలు బాగుచేస్తున్నాడట. శనివారాలు పచ్చికలో బంతులు దొర్లించే బౌల్స్ క్లబ్బులో ముసలి జంటల డాన్సుకు డ్రమ్స్ వాయిస్తాడట. నిమిషానికి తొంభై దెబ్బలురా, అంతకు మించితే ఎవడో ఒకడు తుంటి విరగ్గొట్టుకుంటాడు అని నవ్వాడు. మా రోజుల్లో అతను రెండొందల నలభై కొట్టేవాడు.

షోలో ఒక పాటకు అతన్ని స్టేజీ ఎక్కించమని రికార్డు కంపెనీ అడిగింది. నేను వద్దన్నాను. ఆ సంగతి అతనికి తెలుసు. ఆ మాట ఎత్తలేదు. ఒక్కటే అడిగాడు. ఆ పుస్తకంలో నా సంవత్సరాలు సరిగ్గా రాయరా, నా మనవరాలు చదువుతుంది.

చూస్తాను అని పెట్టేశాను.

విషయం ఇది. 1993లో రెండో రికార్డు సగంలో ఉండగా విమ్ మణికట్టు విరిగింది. అయిదు పాటలు అప్పటికే వాయించాడు. ఆరు వారాలు ఆగమన్నాడు. నేను వాళ్ళమ్మ ఇంటి తలుపు కింద నీలం కాగితం తోసి వచ్చాను. రికార్డు అట్ట మీద పది పాటలకూ కొత్తవాడి పేరే వేయించాను. విమ్‌కు 1988–91 అని రాయించాను. గద్దె దిగిన చక్రవర్తి పేరును రోములో రాళ్ళ మీంచి చెక్కేసేవారు. నా దగ్గరున్న రోము చరిత్రలో ఆ పేజీ మూడుసార్లు చదివాను. ఆ పని చేయించినవాళ్ళ పేర్లను కూడా తర్వాతివాళ్ళు చెక్కేశారని అదే పేజీలో ఉంది.

మార్చి 12. మంగళవారం. ఉదయం 7.

ఉంగరం వేలు ఈవేళ అసలు తెరుచుకోలేదు.

ఉదయం 11.

ఇక్కడైనా నిజం రాసుకోవాలి. నా ఎడమచేతి ఉంగరం వేలూ చిటికెన వేలూ మూడేళ్ళుగా అరచేతిలోకి ముడుచుకుపోతున్నాయి. డాక్టరు కోసి సరిచేస్తానన్నాడు. కోస్తే ఏడాది వాయించకూడదు. ఏడాది వాయించకపోతే మొదటి సూత్రం ప్రకారం నేను లేను. అందుకని గ్లౌజు వేసుకుని చలికని చెబుతున్నాను. ఎండాకాలంలో కూడా. పెర్త్ దాకా, ఆ తర్వాత ఎంతదాకా పోతే అంతదాకా, ఎవరికీ తెలియకూడదు. టాలో పిట్ కాని టల్లీ అనే మనిషి ఎక్కడా లేడు.

సాయంత్రం 4.

చదవడానికి రెండో పుస్తకం కోసం వాన్ ఎక్కాను. అది ఫిట్జ్ సౌండు పెట్టె వెనక పడి ఉంది. పెట్టె జరపబోతే మూత తెరుచుకుంది.

ఫిట్జ్‌కు ఒక అలవాటుంది. ప్రతి షోకు వాయిద్యాల చప్పుడు పెంచీ తగ్గించే మిక్సరు మీటల కింద తెల్ల టేపు అంటించి, ఏ మీట ఎవరిదో మార్కర్‌తో రాస్తాడు. షో అయ్యాక టేపు పారేయడు. ఊరూ తేదీ వేసి మూత లోపల అంటిస్తాడు. పదిహేనేళ్ళ టేపులు ఒకదాని కింద ఒకటి. బ్యాండు చరిత్ర నా చేతిరాతలో కావాలన్నారు కానీ అది ఇక్కడ అప్పటికే రాసి ఉంది. నేను తీసేసిన వాళ్ళ పేర్లు ఒక టేపులో ఉన్నాయి, తర్వాతి దానిలో లేవు. అబద్ధం లేదు, వ్యాఖ్యానం లేదు.

నవ్వుకుంటూనే చదివాను. 2019, షే వచ్చింది. కిక్, స్నేర్ అనే రెండు డ్రమ్ములు, బేస్, టల్లీ, షే, గొంతు. 2020, 21, అలాగే. 2022 జూలై, జీలాంగ్, అలాగే.

2022 ఆగస్టు, హోబార్ట్. కిక్, స్నేర్, బేస్, షే ఒకటి, షే రెండు, గొంతు. ఆఖరున, గొంతు కూడా అయిపోయాక, ఒక ఇంటూ గుర్తు. పక్కన తాత, అంటే షే పిలుపులో నేను.

ఆ తర్వాతి టేపులన్నీ అంతే. ముప్పై నాలుగు. లెక్కపెట్టాను.

హోబార్ట్ నాకు బాగా గుర్తుంది. ఇరవై ఏళ్ళలో అంత బాగా వాయించలేదు. జనం వచ్చి, కుర్రాడిలా వాయించావు టల్లీ అన్నారు. చెయ్యి దారికొచ్చిందని ఆ రోజు డైరీలో రాసుకున్నాను. దానికి వారం ముందే ఫిట్జ్ నా పెద్ద స్పీకర్లు ఇంట్లో వదిలేయించాడు. నడుం నొప్పి కదా బాసూ, మోయడమెందుకు, కాళ్ళ ముందు చిన్న స్పీకరు డబ్బా పెడతాను, అందులో విను అన్నాడు. ఎంత మంచివాడనుకున్నాను. ఆ డబ్బాలో నేను విన్నది నన్ను కాదు.

మార్చి 13. బుధవారం. ఉదయం 9.

ఫిట్జ్ మారీన్ వంటింట్లో ఉల్లిపాయలు కోస్తున్నాడు. ముప్పై నాలుగు టేపులు చదివానన్నాను. కత్తి ఆగింది. నీకు తెలుసనుకున్నా బాసూ, తెలిసే ఊరుకున్నావనుకున్నా అన్నాడు. ఉల్లిపాయ పక్కకు తోసి, తెలియకుండా ఎలా ఉంటుందసలు అన్నాడు.  మారీన్ ఇద్దర్నీ చూసి, ఏడవడానికి ఉల్లిపాయలు చాల్లే, పోట్లాట బయట పెట్టుకోండి అంది.

మధ్యాహ్నం 12.

షే డీజిల్ పంపు పక్కన కూర్చుని నీళ్ళు తిన్న రోడ్డును చూస్తోంది. ఇరవై తొమ్మిదేళ్ళది. ఆసుపత్రిలో ఎక్స్‌రేలు తీసే ఉద్యోగం. నా గ్లౌజు చూసి ఏడాది కిందటే జబ్బు పేరు చెప్పగలిగి ఉండేది. చెప్పలేదు.

ఎందుకు చేశావన్నాను.

జీలాంగ్‌లో నువ్వు రెండు పాటల్లో పూర్తిగా తప్పిపోయావు తాతా, ముందు వరసవాళ్ళు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకున్నారు అంది. అప్పటినుంచి తన భాగం వాయిస్తూ నా భాగం ఇంట్లో రికార్డు చేసి తెస్తోందట. ఫిట్జ్ దాన్ని నా మీట మీద వదులుతాడు. మూడో పాటలో నువ్వు ఎప్పుడూ వెంట్రుకవాసి ఆలస్యంగా వస్తావు, అది కూడా నేర్చుకున్నాను, అది లేకపోతే నువ్వు కాదని జనం పట్టేస్తారు అంది.

నా తప్పు నేర్చుకోవడానికి తనకు మూడు వారాలు పట్టిందట.

నాకు చెప్పి ఉండాల్సింది అన్నాను. అప్పుడు నవ్వింది. నువ్వు పంతొమ్మిదిమందిని తీశావు, ఒక్కడికైనా మొహం మీద చెప్పావా? ఉత్తరం రాశావు. మరి నీకు ఉత్తరం ఎవరు రాస్తారు తాతా? ఆ అట్టముక్క మీద అది రాసుకోలేదే మీరు.

గ్లౌజు సర్దుకున్నాను.

తనే మళ్ళీ అంది. రెండుసార్లు వెళ్ళిపోదామనుకున్నా. పోయినేడాది మెల్‌బోర్న్ వాళ్ళు పిలిచారు, మంచి బ్యాండు. పోతే నీ భాగం ఎవరు వాయిస్తారు? కొత్తవాడికి ఏమని చెబుతాం, ముసలాయన గిటారుకు తీగలున్నాయి గానీ చప్పుడు లేదనా? ఈ గోతిలో ఇరుక్కుంది నువ్వొక్కడివే అనుకుంటున్నావు చూడు, అదే నీ రోగం. వేళ్ళు కాదు.

ముప్పై ఆరేళ్ళుగా ఎవరు ముందు పోతారా అని చూశాను. ఎవరైనా పోలేక ఉన్నారేమోనని చూడలేదు.

సాయంత్రం 6.

మారీన్ నీలం కాగితం లేదంది. బిల్లు పుస్తకం వెనకవైపు ఇచ్చింది. రాసి, మడిచి, నా గది తలుపు కింద బయటినుంచి లోపలికి తోశాను. మాలాగే ఇరుక్కుని పక్క గదిలో దిగిన దంపతులు చూస్తున్నారు. పిచ్చివాడనుకుని ఉంటారు. తలుపు తీసి, వంగి, తీసుకుని చదివాను. ఒకే వాక్యం. చాలా నీచంగా ఉంది. మనిషికి ఇలాంటిది పంపుతారా అనిపించింది.

మార్చి 14. గురువారం. ఉదయం 8.

రోడ్డు తెరిచారు. లారీలు ముందు, వాన్లు తర్వాత.

బయల్దేరే ముందు గోడ ఫోను నుంచి విమ్‌కు చేశాను. రాసింది చదివి వినిపించాను. విమ్ కైపర్స్, డ్రమ్స్, 1988–1993. మొదటి రికార్డు మొత్తం, రెండో రికార్డులో మొదటి అయిదు పాటలు. మళ్ళీ ఒకసారి చదవమన్నాడు. చదివాను. తర్వాత, ఆ అయిదో పాట చివర తప్పు కొట్టానురా, అదొక్కటీ కొత్తవాడిదని రాసెయ్ అన్నాడు.

మణికట్టు ఎలా ఉందని అడిగాను. వానకు లాగుతుంది అన్నాడు. నా వేళ్ళ సంగతి చెప్పాను. అయితే బౌల్స్ క్లబ్బుకు రా, అక్కడ నిన్నెవరూ వినిపించుకోరు అన్నాడు.

శనివారం ఒక పాట వాయిస్తావా అన్నాను. ఏ వేగం అన్నాడు. నువ్వు చెప్పు అన్నాను.

వాన్‌లో స్టీరింగు షేకు వదిలి మధ్య సీటులో కూర్చున్నాను. గ్లౌజు తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. షే ఒకసారి చూసి, ముందు రోడ్డు చూసుకుంది.

మార్చి 15. శుక్రవారం. నార్స్‌మన్.

మైదానం దాటిన మొదటి ఊళ్ళో సెల్‌ఫోను పలకగానే కాగితానికి ఫోటో తీసి పంపేశాం. చివరి రెండు పంక్తులు:

గ్రాహం టల్లీ, గిటార్, 1988 – 2022 ఆగస్టు, హోబార్ట్.

షే మెరిడిత్, గిటార్, గిటార్, 2019 –