అన్నయ్య ఓడిన సీటు

టార్బెల్,
ఫిబ్రవరి 11, 2018.

పెద్దవాడివైన లీలండ్ అన్నయ్యకు,

చెల్లెలు ఐడెల్లా నమస్కారాలు. ఇక్కడ నేను, మీ బావ మెర్ల్, ముసలి పిల్లి, నేలమాళిగలో బంగాళాదుంపలు, అందరం క్షేమం. అక్కడ నువ్వూ నీ ఎడమ మోకాలూ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

ఆరేళ్ళ తర్వాత కవరు మీద నా చేతిరాత చూసి, ఎవరో పోయారని గుండె పట్టుకుని ఉంటావు. ఎవరూ పోలేదు. కాఫీ పెట్టుకుని నింపాదిగా చదువు.

రాష్ట్ర ప్రతినిధుల సభలో మన ప్రాంతం సీటు ఈసారి ఖాళీ అవుతోంది. నువ్వు మీ రిపబ్లికన్ పార్టీ అభ్యర్థిని తేల్చే ప్రైమరీలో రెండు ఓట్ల తేడాతో పోగొట్టుకున్న సీటే. మా డెమొక్రాట్లలో ఎవరు నిలబడాలా అని మొన్న మా వంటింట్లో సమావేశం పెట్టారు. మీ బావ ఇరవై ఏళ్ళుగా ఈ ఊరి పార్టీ కమిటీకి ఛైర్మనే కదా. ఆ ఇరవై ఏళ్ళూ మా ప్రైమరీ బ్యాలెట్ మీద ఒక్కటే పేరు. ఈసారి ఆ ఒక్కటీ లేదు.

వచ్చింది ఇద్దరు. ఒకరు ఆరిన్ హాస్కెల్, బంగాళాదుంపల ఇన్‌స్పెక్టరుగా చేసి రిటైరైన మనిషి. నీకు గుర్తుండే ఉంటాడు, టైమెంతయిందని అడిగితే గడియారం ఎలా తయారైందో చెబుతాడు. రెండోది జోసెట్ లెవెస్క్, పశువుల డాక్టరు. ముప్పై నాలుగేళ్ళ పిల్ల, ఆవు కడుపులో చెయ్యి పెట్టడానికి జంకదు గానీ మైకు చూస్తే చెమటలు పడతాయి. గంటన్నరసేపు ఇద్దరూ ఒకటే మర్యాద. "డాక్టరమ్మ నిలబడితే ఊరూరా తిరిగి నేనే బోర్డులు పాతుతాను," అంటాడు ఆయన. "మీ అనుభవం ముందు నేనెంతండీ, మీరే నిలబడండి," అంటుంది ఈమె. మధ్యలో నేను చేసిన ఆపిల్ పై మాత్రం ఎవరూ ఎదుటివాళ్ళకి వదలలేదు.

చివరికి మీ బావ పళ్ళెం పక్కకి తోసి, గిన్నెలు తుడుస్తున్న నా వైపు తిరిగాడు. "ముప్పై ఏళ్ళు స్కూలు బస్సు నడిపావు. ఈ నియోజకవర్గంలో నువ్వు నోరు మూయించని మగాడెవడైనా ఉన్నాడా?" అన్నాడు. ఆరిన్ కూడా తలూపాడు. వాళ్ళబ్బాయిని రెండుసార్లు బస్సులోంచి దింపేశాను మరి.

అన్నయ్యా, నీ దగ్గర దాపరికం దేనికి. నాకు నిలబడాలని ఉంది. మన బడి మూసేసి పక్క ఊరి బడిలో కలిపాక, ఆరేళ్ళ పిల్లలు తెల్లవారకముందే బస్సెక్కి గంటన్నర ప్రయాణం చేస్తున్నారు. నా ఆఖరి సంవత్సరంలో ఒక పాప రోజూ నా వెనక సీట్లో తల వాల్చి నిద్రపోయేది. ఆ గంటన్నర గురించి రాజధానిలో ఎవరో ఒకరు గట్టిగా అడగాలి. అడగడం నాకు చేతనవును.

కానీ అది నువ్వు ఓడిన సీటు. ఓడిన వారానికి, ఆదివారం మా ఇంట్లో భోజనాల బల్ల దగ్గర నువ్వన్న మాట నేను మర్చిపోలేదు. "నా సొంత రక్తమే నాకు ఓటు వెయ్యలేదు," అన్నావు. నేను జవాబు చెప్పలేదు. నువ్వు టోపీ పెట్టుకుని వెళ్ళిపోయావు, చలికాలం వచ్చేసరికి ఇల్లమ్మి సముద్రం పక్కకి మారిపోయావు. అందుకని ఈ కబురు వేరేవాళ్ళ నోట వినకూడదని రాస్తున్నాను. నీకు కష్టంగా ఉంటే చెప్పు, మానేస్తాను. పోటీ కాగితాలు ఇవ్వడానికి మార్చి పదిహేను సాయంత్రం అయిదింటితో గడువు. నీ దగ్గర్నించి ఒక్క ముక్క వచ్చేదాకా కాగితం మీద చెయ్యి పెట్టను.

ఇట్లు,
నీ చెల్లెలు,
ఐడెల్లా


టార్బెల్,
మార్చి 1.

ప్రియమైన అన్నయ్యకు,

నీ కార్డు అందింది. ఆరేళ్ళకి కలిపి మూడు వాక్యాలు. "నిలబడు. మంచి బూట్లు వేసుకో. కుక్కలున్న ఇళ్ళకి పక్క గుమ్మం నుంచి వెళ్ళు." దాన్ని పదిసార్లు చదివి, ఫ్రిజ్ తలుపుకి అంటించి, వంటింట్లో ఒక్కదాన్నే కూర్చుని కాసేపు ఏడ్చాను. మీ బావ వచ్చి, "ఏమైంది, ఉల్లిపాయలా?" అన్నాడు. కాదు, లీలండ్ అన్నాను. "అయితే ఏడువు," అని మళ్ళీ గ్యారేజీలోకి పోయాడు.

మర్నాడే తిరగడం మొదలెట్టాను. ప్రైమరీ బ్యాలెట్ మీద పేరు రావాలంటే పాతిక మంది సంతకాలు కావాలి, అందరూ మా పార్టీలో నమోదైన వాళ్ళే అయి ఉండాలి. ఈ మంచులో ఒక డెమొక్రాట్‌కీ ఇంకో డెమొక్రాట్‌కీ మధ్య రెండేసి మైళ్ళు. నువ్వు చెప్పిన పక్క గుమ్మం కిటుకు రెండిళ్ళ దగ్గర నా పిక్కలు కాపాడింది. మూడో ఇంట్లో కుక్క కూడా పక్క గుమ్మం దగ్గరే పడుకునుంది.

డ్వైట్ స్ప్రాగ్ అని, చిన్నప్పుడు బస్సులో చూయింగ్ గమ్ ఆడపిల్లల జుట్టుకి అంటించేవాడు. ఇప్పుడు నలభై దాటాడు, బట్టతల. తలుపు తీసి నన్ను చూసి, "నేనేం చెయ్యలేదండీ," అన్నాడు. పేరు రాసి, సంతకం చేసి, అడక్కుండానే ఊరి పేరు కూడా రాసి, నిటారుగా నిలబడ్డాడు. ఎదురింట్లో వాళ్ళమ్మని కూడా వాడే పిలుచుకొచ్చాడు. ఆవిడ నా చెయ్యి పట్టుకుని, "గెలిస్తే రాజధానిలో కూడా వాళ్ళని అట్లాగే వరసలో కూర్చోబెట్టమ్మా," అంది.

నిన్న సాయంత్రానికి ముప్పై ఒకటి అయ్యాయి. అరవై మూడేళ్ళు వచ్చాక తలుపులు కొట్టడం నాకింత ఇష్టమవుతుందని ఎవరైనా చెప్పుంటే నమ్మేదాన్ని కాదు. జనం లోపలికి రమ్మంటున్నారు, బూట్లు విప్పనివ్వడం లేదు, పిల్లల బస్సు సంగతి చెబుతుంటే ఎవరూ గడియారం చూడటం లేదు. ఒక్కటే లోటు. ఇంటికొచ్చి ఇవన్నీ నీకు ఫోనులో చెప్పుకోవాలని ఉంటుంది, నీ నంబరు నా దగ్గర లేదు.

నీ చెల్లెలు,
ఐడెల్లా


టార్బెల్,
మార్చి 16.

అన్నయ్యా,

నమస్కారాలు తర్వాత. ముందు కూర్చో. నీ చెల్లెలు ప్రైమరీలో లేదు. ఎందుకు లేదో తెలిస్తే నువ్వు కుర్చీలోంచి పడతావు.

పోయిన శుక్రవారం నా కాగితాలన్నీ పట్టుకుని టౌన్ ఆఫీసుకి వెళ్ళాను. అక్కడ ఇప్పుడు బెర్నీస్ అనే కొత్త క్లర్కు ఉంది, చక్కటి పిల్ల. సంతకాలు ఒక్కొక్కటే సరిచూసి, ముప్పై ఒకటికి ముప్పై ఒకటీ బాగున్నాయంది. "ఇంక మీ నమోదు ఒక్కటీ ధ్రువీకరిస్తే అయిపోయిందండీ," అని కంప్యూటరులో నా పేరు కొట్టింది. కొట్టి ఆగిపోయింది. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూసింది. తర్వాత ఆ తెర నా వైపు తిప్పింది.

నేను రిపబ్లికన్‌నట. ఆరేళ్ళ నుంచీ.

జనవరి ఒకటి లోపల పార్టీ మార్చుకుని ఉండాలి, ఇప్పుడు మార్చుకున్నా ఈ ఏడాదికి పనికిరాదు. బెర్నీస్ ఏడుపు ముఖం పెట్టింది. నేనే ఆ పిల్లకి నీళ్ళు తెచ్చిచ్చాను.

ఇన్నాళ్ళూ నువ్వెందుకు చూసుకోలేదని అడుగుతావేమో. నవంబరు ఎన్నికల్లో ఓటెయ్యడానికి ఏ పార్టీలో నమోదయ్యామన్నదానితో పనే లేదు కదా. ప్రైమరీ రోజున నేను ఓటింగ్ హాల్లో వంటింటి వైపు ఆపిల్ పైలు అమ్ముతుంటాను. ఒకే పేరున్న బ్యాలెట్ కోసం వరసలో నిలబడటం దేనికని ఎప్పుడూ వెళ్ళలేదు. మీ బావ ఎన్నిసార్లు విసుక్కున్నాడో.

ఇంటికొచ్చి ఆయనకి చెప్పాను. బల్ల పట్టుకుని నెమ్మదిగా కూర్చున్నాడు. "ఇరవై ఏళ్ళ ఛైర్మన్ని. ఆరేళ్ళుగా నా పక్కన పడుకున్నది రిపబ్లికనా?" అన్నాడు. ఎలా జరిగిందని అడిగాడు. ఏదో పొరపాటై ఉంటుందన్నాను. రెండోసారి అడిగాడు, మళ్ళీ అదే చెప్పాను. సాయంత్రానికి ఊరంతా తెలిసిపోయింది. మీ పార్టీ ఛైర్మన్ టేబర్, నీ పాత స్నేహితుడే, టోపీ చేత్తో పట్టుకుని మా గుమ్మంలో నిలబడ్డాడు. "మా వైపు కూడా ఇంకా ఎవరూ దొరకలేదు, ఐడెల్లా. కాగితాల ప్రకారం నువ్వు మా మనిషివే," అని పెన్ను తీశాడు. మీ బావ ఆయన్ని తరిమేస్తాడనుకున్నాను. కాఫీ పోసి, "ఈవిడని మీరే ఉంచుకోండి, భోజనం మాత్రం మీ ఇంట్లోనే పెట్టండి," అన్నాడు. ఇద్దరూ పగలబడి నవ్వారు. నేను మాత్రం గిన్నెల దగ్గరికి పోయాను. ఆ పాప గంటన్నర గురించి ఇంకెవరు అడుగుతారు, అన్నయ్యా?

మర్నాడు శనివారం, రైతు సంఘం వాళ్ళ గ్రేంజ్ హాల్లో చిక్కుడు గింజల విందు. గరిటె నా చేతిలోనే. ఇంకా అయిదు రోజులే గడువుందని అందరికీ తెలుసు. జోసెట్ వచ్చింది, బూట్లకి ఇంకా పేడ ఉంది, కోటు లోపల్నుంచి మడత పెట్టిన సంతకాల కాగితం తీసింది. "ఐడెల్లా గారు ఈ మంచులో ఊరంతా తిరిగారు. నేను సిగ్గుపడుతూ కూర్చుంటే బాగుండదు. ఆ బస్సు సంగతి నేను అడుగుతాను," అని బల్ల ఆ చివర నిలబడింది. గొంతు వణికింది, మాట మాత్రం వణకలేదు. అందరూ చప్పట్లు కొడుతుంటే ఈ చివర ఆరిన్ లేచి దగ్గాడు. ఆయన జేబులోంచి కూడా ఒక కాగితం. డాక్టరమ్మ ఎటూ నిలబడదనుకుని, పొద్దున్నే తెచ్చుకున్నాడట. ఇద్దరూ ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నారు.

పాత మర్యాద మొదలవుతుందేమోనని గరిటె పైకెత్తాను. "ఇద్దరిలో ఎవరు వెనక్కి తగ్గినా వాళ్ళకి చిక్కుళ్ళు లేవు," అన్నాను.

ఎవరూ తగ్గలేదు. విందు అయ్యేసరికి జోసెట్‌కి ఇరవై తొమ్మిది సంతకాలు, ఆరిన్‌కి ఇరవై ఆరు. ఆరిన్‌కి ఇంకా ఎక్కువే వచ్చేవి, ఒక్కొక్కరికీ బడ్జెట్ మొదట్నించీ వివరించకుండా ఉంటే. నేను ఇద్దరిలో ఎవరికీ సంతకం చెయ్యలేకపోయాను, డెమొక్రాట్‌ని కాను కదా. గింజలు వడ్డించాను. అంత సంతోషంగా నేనెప్పుడూ వడ్డించలేదు. మంగళవారం పడిన మంచులో మీ బావ మన పాత ట్రక్కులో ఆ ఇద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టుకుని రాజధానికి వెళ్ళి, బుధవారం కాగితాలు ఇప్పించి తెచ్చాడు. దారి పొడుగునా ఇద్దరూ బస్సుల గురించి పోట్లాడుకున్నారట, ఎవరి పద్ధతిలో పిల్లలు ముందు ఇల్లు చేరతారని. ఇరవై ఏళ్ళలో మొదటిసారి మా ప్రైమరీ బ్యాలెట్ మీద రెండు పేర్లు. ఆయన రేడియోతో పాటు పాడుతూ ఇంట్లోకొచ్చాడు.

జూన్ పన్నెండున ఓట్లు లెక్కపెడతారు. నువ్వు రావాలి. పై గది తుడిచి పెట్టాను. మెట్లెక్కడం నీ మోకాలికి కష్టమైతే కింద గదిలో నేను పడక వేస్తాను. నువ్వు వస్తే నాకు ఆ సీటు గెలిచినంత.

నీ ప్రియమైన చెల్లెలు,
ఐడెల్లా

తా.క. కవరు అంటించి మళ్ళీ విప్పాను. పొరపాటేమీ లేదు, అన్నయ్యా. మీ ప్రైమరీలో మీ పార్టీ వాళ్ళకే ఓటు కదా, అందుకే 2012 మే నెలలో నేనే టౌన్ ఆఫీసుకి వెళ్ళి, నా చేత్తో నేనే పార్టీ మార్చుకున్నాను. అప్పటి క్లర్కు హేజెల్ ఆ కార్డు చదివి, డబ్బాలో వేసి, "రోడ్లు ఆరాయా?" అని మాత్రం అడిగింది. జూన్‌లో మళ్ళీ వెళ్ళి, ఆవిడ బల్ల దగ్గరే, ముందస్తుగా నీకు ఓటు వేసి వచ్చాను. వెనక్కి మార్చుకోవాలంటే మూడు నెలలు ఆగాలంది. మూడు నెలలకి దుంపల కోతలు వచ్చాయి. ఈలోగా నువ్వు ఆ మాట అని వెళ్ళిపోయావు, నాకు ఆ ఆఫీసు గుమ్మం ఎక్కబుద్ధి కాలేదు, తర్వాత మర్చేపోయాను. ఆ ఆదివారం నీకు చెప్పి ఉండాల్సింది. పక్కనే మీ బావ కూర్చున్నాడు, ఛైర్మన్ పెళ్ళాం పార్టీ మారిందంటే ఆయన తలెత్తుకోలేడని నోరు మూసుకున్నాను. ఆయన పరువు నిలబెట్టి నిన్ను పోగొట్టుకున్నాను. తప్పు చేశాను. ఈ పొద్దున ఆయనకి అంతా చెప్పాను. కప్పు కింద పెట్టి, నవ్వడం మొదలెట్టాడు, కళ్ళు తుడుచుకునేదాకా నవ్వాడు. "ఆరేళ్ళు వాడు నా ఇంటికి రానిది ఇందుకా? ఇప్పుడే రాయి. ఎన్ని ఓట్లతో ఓడాడో కూడా సరిగ్గా రాయి," అన్నాడు. రాస్తున్నాను. నువ్వు రెండు ఓట్లతో ఓడిపోయావు, అన్నయ్యా. నేను లేకపోతే మూడు.