చిక్కుడుకాయలు, ఏడాది జైలు

మంగళవారం, రాత్రి

బోరు మోటరు దొంగకు నేను ఏడాది జైలు వేస్తే, పై కోర్టు అప్పీలులో ఆరు నెలలకు తగ్గించింది. నేరానికి మించిన శిక్షట! పోయిన నెల మేకల దొంగకూ ఇదే మాట, ఇదే సగం. కసితో వేశానా నేను? నిద్ర మానుకుని ఆలోచించి రాసిన ఏడాది అది.

మధ్యాహ్నం ఒక ఉపాయం తట్టింది. రేపు కరెంటు తీగల దొంగకు శిక్ష చెప్పాలి. వాడికి తగింది ఏడాదే. రెండేళ్లు రాస్తే? పైవాళ్లు ఎలాగూ సగం చేస్తారు, సరిపోతుంది. ఇంత తెలివి వచ్చినందుకు ఛాంబర్లో కూర్చుని ఈల కూడా వేశాను.

నా భార్య లలిత కామారెడ్డిలో వాళ్ల అక్క దగ్గర ఉంది కాబట్టి, సాయంత్రం ఎల్లారెడ్డి అంగడికి నేనే వెళ్లాను. చిక్కుడుకాయల అవ్వ ధర చెప్పింది. మారుమాట లేకుండా ఇచ్చేశాను. ఆమె నోట్లు పట్టుకుని నన్నే చూసింది.

"గదేంది సారూ, బేరం చెయ్యవా? అమ్మ ఎట్లయినా సగానికే అడుగుతదని డబల్ చెప్పిన."

"అయితే సగం వెనక్కి ఇవ్వు."

"ఒప్పుకున్నంక వాపస్ ఏంది సారూ?" అంటూ నోట్లు సంచిలో దోపేసింది.

ఇంటికొచ్చి చిక్కుడుకాయలు తుంచుతుంటే ఆ తీగల దొంగ గుర్తొచ్చాడు. నేరం ఒప్పుకున్న రోజు చేతులు కట్టుకుని, "మీరు ఎంతేస్తే గంతే సారూ" అన్నాడు. అప్పీలుకు పోయే మొహం కాదు వాడిది.

అచ్చం అంగట్లో నా మొహం.