గడప దాటడం

తమ్ముడు రాఘవేందర్‌కు,

ఫోన్ చేస్తే మధ్యలో పెట్టేస్తావని రాస్తున్నాను. చివరిదాకా చదువు.

మన చిన్నమ్మ అనంతమ్మ నిన్న ఇంట్లో గడప తగిలి పడింది. తుంటి ఎముక విరిగింది. పైన ఒకదాని వెనక ఒకటి పోతున్న విమానాల చప్పుడులో ఆమె కేక చాలాసేపు ఎవరికీ వినబడలేదు. ఇప్పుడు దవాఖానలో ఉంది.

కాలనీ సంఘం అధ్యక్షుడివని పోయిన నెల కాలనీ హాలుకు తాళం వేశావు. అప్పుడు చిన్నమ్మతో కలిసి మేం పెద్దవయసు ఆడవాళ్లం అక్కడ ఏం చేస్తున్నామో అడిగావా? కసరత్తు నేర్పే సంతోషి ఇటుకలు పేర్చి, కాలికి తగలకుండా మాచేత వాటిని దాటించేది. మనం గడప తొక్కం కదా, దాటాలి. వయసు మీద పడ్డాక కాలు అంత ఎత్తుకు లేవదు. అందుకే ఆ సాధన. కుచ్చిళ్లు పైకి దోపుకోకుండా ఎట్లా చేస్తాం? అది చూసి నువ్వు, "ముసలోళ్లకు గీ ఎగురుడేంది, కాలనీల ఇజ్జత్ పోతది" అన్నావు.

నాట్లేసేటప్పుడు ఇదే చిన్నమ్మ మోకాళ్లదాకా చీర దోపుకుంది. ఆ బువ్వ తిని పెరిగినవాడివి. అప్పుడు పోలేదు నీ ఇజ్జత్.

తాళంచెవి నీ దగ్గరే ఉంచుకో. సోమవారం పొద్దున మేమంతా మీ ఇంటికే వస్తున్నాం. నీ భార్య మంజులను అడిగితే, "రండి వదినా, నేను గూడ చేస్త" అంది. ఇటుకలు తేవడం లేదు, మీ గడప చాలు.

నువ్వూ మాతో నిలబడు. మొన్న బోనాలకు వచ్చినప్పుడు చూశాను, ఆ గడప దాటడానికి నువ్వు రెండు చేతులతో దర్వాజా పట్టుకున్నావు.

మీ అక్క