బల్లల చప్పుడు

చెల్లె సుహాసినికి,

వరంగల్ నుంచి అన్న రాస్తున్నాను. అక్కడి చలికి జర పైలం.

నువ్వు చదివే జర్మనీ యూనివర్సిటీతో నేను పాఠం చెప్పే కాలేజీకి పోలికే లేదన్నావు. కోపమొచ్చింది. లైబ్రరీ, ల్యాబుల విషయంలో మాత్రం ఒప్పుకుంటాను.

పాఠం బాగుంటే అక్కడి విద్యార్థులు బల్లలు కొడతారని రాశావు కదా, అది మా క్లాసులో చెప్పాను. మన దగ్గర బల్ల కొట్టారంటే సారును ఏడిపిస్తున్నట్టే.

నిన్న నేను పాఠం ముగించగానే క్లాసంతా బల్లలు కొట్టింది. అటెండర్ సమ్మమ్మ ఉరికొచ్చింది.

"ఏం లొల్లి సారూ, ప్రిన్సిపాల్ సారును పిల్వాల్నా?"

"వద్దక్కా, పిల్లలు మెచ్చుకుంటాండ్రు."

ఆ చప్పుడు విన్నాక మీ ప్రొఫెసర్లు ఏం చేస్తారో రాయి. నేనైతే టేబుల్ కిందికి వంగి, చేతిలో ఉన్న డస్టర్ కోసమే చాలాసేపు వెతికాను.

మీ అన్న