మూడో విన్నపం

అమ్మగారికి,

మీ చేతులు ముద్దుపెట్టుకుని తద్దేయా రాసుకుంటున్నది. దేవుని దయవల్ల రాజుగారూ నేనూ కులాసా. మంచు కరిగి మొదటి ఓడ కదులుతోంది కాబట్టి ఈ ఉత్తరం నెలలోపే మీకు అందాలి.

మీరు అడిగినదానికి ముందు జవాబు చెబుతాను. లేదు, ఇంకా ఏ విశేషమూ లేదు. ఆ సంగతి నేను రాయకముందే మీకు తెలిసి ఉంటుంది. ఇక్కడి రాయబారులు నా బట్టలుతికే ఆమెను మంచి చేసుకుని ప్రతి నెలా కనుక్కుంటారు. ఆయన చొక్కాలు నేనే కుడుతున్నాను. అది భార్య హక్కట, ఇంకొకరి చేతికి ఇవ్వకూడదట. మెడ దగ్గర బిగుసుకుంటున్నా మాట్లాడకుండా తొడుక్కుంటారు. మంచి మనిషే. ఉప్పుచేప మాత్రం నాకింకా గొంతు దిగదు.

ఇక అసలు మాట. మింగలేక కక్కలేక రెండేళ్లు గడిపాను. ఇక్కడికొచ్చిన మొదటి ఏడు ఈస్టరు పండగ బాగా జరిగిందని మీకు రాశాను. అది అబద్ధం.

ఈ దేశంలో ఈస్టరు ముందు శుక్రవారం నాడు రాణి జుట్టు విరబోసుకుని, నిండు సభలో రాజు ముందు మోకరిల్లి, ఉరిశిక్ష పడ్డ ఒకరి ప్రాణం అడుగుతుంది. ఆ ఏడు టోర్కిల్ అనే పడవవాడు. సుంకం అధికారితో కలబడితే అధికారి నీళ్లలో పడి చచ్చిపోయాడు. టోర్కిల్‌కు ముగ్గురు ఆడపిల్లలు. నేను అడిగాను. ఆయన ముఖం తిప్పుకుని, "కుదరదు" అన్నారు. భర్త ఒకసారి కాదన్నాక మళ్లీ అడిగే ఆడది కాపురం చెడగొట్టుకుంటుందని మీరు నేర్పారు కదా. లేచి, తలవంచి, నా చోటికి వెళ్లి కూర్చున్నాను. సభంతా నిశ్శబ్దం. నా అణకువను మెచ్చుకుంటున్నారనుకున్నాను.

పండగ వెళ్లిన సోమవారం అతన్ని ఉరితీశారు. గంట మోగుతుంటే ఏమిటని నా పెద్ద చెలికత్తె ఇంగెబోర్గ్‌ను అడిగాను.

"అదేంటమ్మా, మూడుసార్లు అడగాలిగా! రెండుసార్లు కాదనడం రాజుగారి వంతు. మూడోసారి చెయ్యందించి లేపుతారు. వీధిలో పిల్లలు కూడా ఈ ఆట ఆడుకుంటారు. మీకు తెలీదని ఎవరనుకుంటారు?"

ఆయన దగ్గరికి పరుగెత్తాను.

"నేను లేచి వెళ్తుంటే పిలవొచ్చుగా!"

"పిలిచి ఏం చెప్పను? నా అంతట నేను వదిలేస్తే చట్టానికి విలువేముంది? నువ్వు అడిగితేనే అది దయ అవుతుంది. వాణ్ణి వదిలేద్దామనే కూర్చున్నా, తద్దేయా. నువ్వే లేచి వెళ్లిపోయావ్."

టోర్కిల్ భార్యను నా దగ్గర కుట్టుపనికి రమ్మని పిలిపించాను. ఆమె రాలేదు. "ఇంకాసేపు కింద ఉంటే రాణిగారి మోకాళ్లు అరిగిపోయేవా అని అడగండి," అని కబురు పంపింది. ఆ మాట తలచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది. పోయినేడు మూడుసార్లూ అడిగాను. ఒక రొట్టెలవాడు బతికి ఇంటికి వెళ్లాడు. జనం నన్ను దీవించారు. నాకు సిగ్గేసింది.

చెల్లి ఇప్పోలితాకు సంబంధం కుదిరిందనీ, ఏం నేర్పి పంపమంటావనీ అడిగారు. నాట్యం నేర్పండి, చొక్కా మెడ కుట్టడం సరిగ్గా నేర్పండి. వెళ్లే దేశంలో దేన్ని ఎన్నిసార్లు అడగాలో ముందే కనుక్కోమనండి. నాకు చెప్పిన ఆ ఒక్క నీతి మాత్రం దానికి చెప్పకండి. నేను మీ మాట జవదాటనందుకే ఒక మనిషి చచ్చిపోయాడమ్మా.

ఇట్లు,
మీ పెద్ద కూతురు
తద్దేయా